స్పీకర్ మేస్త్రి

ఆ షెడ్డులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ముందు చెవి మేస్త్రి అనేవాళ్లు, తర్వాత స్పీకర్ మేస్త్రి అన్నారు. మొదటి పేరు సంపాదించుకోడానికి అతనికి ముప్పై ఏళ్లు పట్టింది. రెండోది ఒక్క పూటలో వచ్చి నెత్తిన కూర్చుంది.

ఆరో తరగతిలో లెక్కల మాస్టారు చెవి మెలిపెట్టాడని అలిగి బడి మానేశాడు. ఆ మెలి వల్లే చెవికి అంత పదును వచ్చిందని తర్వాత్తర్వాత షెడ్డులో చెప్పుకునేవాడు. అది ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే కంపెనీ వాళ్ల వ్యాన్ల షెడ్డు. డీజిల్ కాలంలో అక్కడ అతని మాటకి తిరుగుండేది కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. బండి తోలినవాడు డాక్టరు ముందు రోగి బంధువులా చేతులు కట్టుకుని నిలబడేవాడు. కాసేపటికి మేస్త్రి కళ్లు తెరిచి, "మూడో సిలిండరు దగ్గుతోంది" అనో, "నీళ్ల పంపు బేరింగు మా అత్తలాగా సణుగుతోంది" అనో తేల్చేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఒకసారి అన్నం తింటూ, గేటు దాటిపోతున్న బండి చప్పుడు విని, "వాడి బెల్టు సాయంత్రం దాకా ఉండదు" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికే తెగింది. ఆ డ్రైవరు మేస్త్రిది పాడు నోరని నెల రోజులు మాట్లాడలేదు.

ఇంట్లో కూడా అదే వరస. మిక్సీ, ఫ్యాను, గోడ గడియారం, దేన్నీ వదిలేవాడు కాదు. ఒకరోజు భార్య మెట్లెక్కుతుంటే, "నీ ఎడమ మోకాలు టిక్కుమంటోందే" అన్నాడు.

"నీ నోరు అంతకంటే ఎక్కువ చప్పుడు చేస్తోంది. ముందు దాన్ని విప్పి చూసుకో" అంది ఆవిడ.

ఇంతలో కంపెనీ డీజిల్ బండ్లన్నిటినీ పాత ఇనుముకి తోలేసి, నలభై కరెంటు వ్యాన్లు దింపింది. మేస్త్రి మొదటి బండి ముందు మూత ఎత్తి చూసి, మళ్లీ దించి, నంబరు ప్లేటు చూసి, మళ్లీ ఎత్తాడు. ఇంజను లేదు. గేరుబాక్సు లేదు, క్లచ్చి లేదు, ఒంటికి పూసుకుందామన్నా చుక్క నూనె లేదు. ఒక ప్లాస్టిక్ మూత, వేలు లావున ఆరెంజి రంగు వైర్లు, వాటి మీద ముట్టుకుంటే చస్తావని పుర్రె బొమ్మ. మిగతాదంతా పూలకుండీ పెట్టుకోడానికి పనికొచ్చే ఖాళీ.

ఆ బండ్లతోపాటు ల్యాప్‌టాప్ అమ్మాయి కూడా వచ్చింది. చదువుకున్న పిల్ల. స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, తెర మీద చదివి, ఏ బండికి ఏం రోగమో చెప్పేది. సగం రోగాలకి రెంచీ పనే ఉండేది కాదు. ఆదివారం మధ్యాహ్నం బండ్లు షెడ్డులో ఊరికే నిలబడి ఉండగానే కంపెనీ వాళ్లు ఎక్కడినుంచో గాల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పంపేవారు. సోమవారం పొద్దునకి బండ్లకి కొత్త బుద్ధులు పుట్టేవి. ఒకసారి చినుకు లేకుండానే వైపర్లు ఆడాయి. ఒకసారి మండే ఎండల్లో సీట్లు వెచ్చబడి, డ్రైవర్లందరూ పెనం మీద కూర్చున్నట్టు లేచి నిలబడ్డారు. ఇంకోసారి నలభై బండ్లూ ఎడమ వైపు అద్దాలు ముడుచుకుని, ఎవరెంత బతిమాలినా తెరవకుండా అలిగి కూర్చున్నాయి. ఆ మరుసటి ఆదివారం ఇంకో అప్‌డేట్ వచ్చి వాటి అలక తీర్చింది.

స్పీకర్ మేస్త్రి అన్న పేరు ఆ కొత్త బండ్ల మొదటి వారంలోనే పడింది. ఒక వ్యాను మెల్లగా లోపలికి వస్తుంటే ముందు వైపు నుంచి హూం అని సన్నటి రొద, దాని వెనకాల చిన్న గరగర వినిపించాయి. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. అందరూ చూస్తుండగా స్క్రూడ్రైవర్ తీసి బంపరుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ముందు చక్రం బేరింగు పోయింది. రాసి పెట్టుకోండి" అన్నాడు. నలుగురు కలిసి సగం రోజు విప్పారు. బేరింగు అద్దంలా ఉంది. ఆఖరికి ల్యాప్‌టాప్ అమ్మాయి వచ్చి, బంపరు వెనకాల సబ్బుపెట్టె అంత డబ్బాని చూపించింది.

"అది స్పీకరు బాబాయ్. ఈ బండికి చప్పుడుండదు కదా, రోడ్డు దాటేవాళ్లకి తెలియాలని మెల్లగా వెళ్లేటప్పుడు అది చప్పుడు చేస్తుంది. లోపల కాస్త దుమ్ము చేరినట్టుంది."

లేని ఇంజనుకి దొంగ చప్పుడు. ముప్పై ఏళ్ల చెవి దాన్ని నిజమని నమ్మింది. షెడ్డు షెడ్డంతా కడుపు పట్టుకుని నవ్వింది. మర్నాడు ఎవడో మేస్త్రి చెవి దగ్గర ఫోను పెట్టి హూం అనిపించి, "ఏ బేరింగు మేస్త్రీ?" అన్నాడు. స్క్రూడ్రైవర్ పాత గుడ్డ చుట్టుకుని అల్మారాలోకి పోయింది. మేస్త్రిని టైర్లు మార్చడానికీ, సాయంత్రాలు బండ్లు కడగడానికీ వేశారు. చెవితో పని లేదు, చేతిలో గొట్టం ఉంటే చాలు.

అతని భార్య జాతకం మాత్రం అదే బండ్లతో తిరిగింది. ఆవిడ అదే కంపెనీలో పార్సిళ్లు వేరుచేసే బల్ల దగ్గర పదిహేనేళ్లు నిలబడింది. మోకాలు టిక్కుమంది అందుకే. పాత డీజిల్ వ్యాను మీద మేస్త్రి సరదాకి నేర్పిన డ్రైవింగు, తీయించిన లైసెన్సు ఆవిడ దగ్గర ఉన్నాయి. క్లచ్చీ గేర్లూ లేని బండ్లు వచ్చాక డ్రైవర్లు కావాలంటే, చెయ్యెత్తింది. మొదటి నెలలోనే ఆవిడ తోలుడు చూసి పాత డ్రైవర్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఆ బండ్లలో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, మోటారే వెనక్కి లాగి బండిని ఆపుతుంది. ఆగేటప్పుడు పుట్టిన కరెంటుని మళ్లీ బ్యాటరీకే పంపిస్తుంది. బ్రేకు తొక్కితే ఆ కరెంటు గంగపాలు. అందుకని కంపెనీ యాపు ప్రతి డ్రైవరుకీ వారం వారం వందకి ఇన్ని అని మార్కులు వేస్తుంది. బ్రేకు తొక్కితే కోత, తొక్కకపోతే మెప్పు, తెర మీద ఒక పచ్చటి ఆకు బొమ్మ. ఆవిడకి నెలల తరబడి తొంభైకి తగ్గలేదు. ఆకులే ఆకులు.

మేస్త్రికి లోపల పొంగిపోయేది. పైకి అనేవాడు కాదు. ఆవిడ బండి కడగడానికి వస్తే మాత్రం మిగతా బండ్లకి ఒక చుట్టు, దీనికి రెండు చుట్లు. చక్రాలకి గాలి తగలకుండా బిగించిన ప్లాస్టిక్ మూతల సందుల్లోకి కూడా గొట్టం పెట్టి, బురద పోయేదాకా కొట్టేవాడు.

అలాంటి ఆవిడ మార్కులు ఉన్నట్టుండి అరవై దిగువకి పడిపోయాయి. ఒక వారం యాభై ఎనిమిది, తర్వాతి వారం యాభై అయిదు. నిండా ఛార్జి పెడితే సాయంత్రం దాకా నడిచే బండి మధ్యాహ్నానికే వగరుస్తోంది. తెర మీద రోజూ ఒకటే ముక్క: మీ డ్రైవింగు అలవాట్లు మార్చుకోండి. వరసగా మూడు వారాలు అరవై దాటకపోతే బండి వేరేవాళ్లకి వెళ్తుంది, డ్రైవరు మళ్లీ పార్సిళ్ల బల్లకి వెళ్లాలి. అది కంపెనీ రూలు. మూడో వారం లెక్క శనివారం సాయంత్రం నాలుగింటికి మూస్తారు.

ఆ శనివారం రెండు గంటలకి ఆవిడ ఆఖరి పార్సిలు ఇచ్చేసి షెడ్డుకి వచ్చింది. తెర మీద యాభై రెండు ఉంది. బండి ఇంకా చల్లారకముందే షెడ్డు ఇన్‌చార్జి టీ గ్లాసుతో ఎదురొచ్చాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే తెర మీద ఉన్నది తప్ప ఏదీ నమ్మని మనిషి.

"నాలుగింటికి బండి తెరిచే కార్డు ఇచ్చెయ్యమ్మా. నాకేం పగా నీమీద? సిస్టమ్ చెప్తోంది. నువ్వు యాక్సిలరేటరు మీద నిలబడి తోలుతున్నావంట."

"సిస్టమేమైనా నా పక్క సీట్లో కూర్చుందా?"

"కూర్చోకపోతే ఎలా చెప్తుంది?"

"కూర్చుంటే బ్రేకు ఎన్నిసార్లు తొక్కానో కూడా చెప్పాలిగా. ఏడు నెలల్లో పదకొండుసార్లు."

పక్క బండిలో తల దూర్చి ఉన్న ల్యాప్‌టాప్ అమ్మాయి తల బయటికి పెట్టింది. "తొమ్మిదే పిన్నీ. రెండు పార్కింగులో తొక్కావు. అవి లెక్కలోకి రావు."

"విన్నావా? తొమ్మిది. మీ ఆవిడ కూడా నిన్ను అంత తక్కువ తిట్టి ఉండదు."

ఇన్‌చార్జి టీ తాగడం మీద దృష్టి పెట్టాడు. బండి కడిగించి పెట్టమని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆవిడ బండిని మెల్లగా కడిగే చోటికి తోలుకొచ్చింది. మేస్త్రి గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండి ముందు నుంచి ఎప్పటిలా హూం అని దొంగ చప్పుడు. దాని అడుగున ఇంకొకటి, వెనక నుంచి. సుయ్... సుయ్... సుయ్. అరిగిన చెప్పు ఈడ్చుకుంటూ ఎవరో నడుస్తున్నట్టు.

మేస్త్రి గొట్టం కట్టేశాడు.

"ఏమయ్యా, కడగవా? పోతే పోయింది, శుభ్రంగా పోనీ" అంది ఆవిడ దిగుతూ.

"అది కాదే. ఆ చప్పుడు..."

"ఏ చప్పుడు?"

"వెనకాల. మూడు వారాల నుంచి."

ఆవిడ తలుపు మూసింది. మరీ మెల్లగా మూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మెల్లగా మూయడం ఏమిటో మేస్త్రికి తెలుసు.

"మూడు వారాల నుంచి విని, నోట్లో గుడ్డలు కుక్కుకుని కూర్చున్నావా?"

"మళ్లీ స్పీకరేమో అనుకున్నా. చెప్తే నవ్వుతారని."

"నేను పోయి ఆ బల్ల దగ్గర నిలబడినా పర్లేదు, నిన్ను చూసి ఎవడూ నవ్వకూడదు. అంతేగా? నా మోకాలి చప్పుడు మాత్రం పక్కింటివాళ్లకి కూడా వినిపించావు. బండి చప్పుడు చెప్పడానికి నోరు రాలేదు."

మేస్త్రి తడి చేతులు నడుముకి చుట్టిన గుడ్డకి తుడుచుకుని తిన్నగా ల్యాప్‌టాప్ అమ్మాయి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మాయ్, ఆ స్పీకరు నోరు కాసేపు మూయించగలవా?"

"రోడ్డు మీద మూయించకూడదు బాబాయ్."

"ఇక్కడే, మన వాకిట్లో."

"టెస్ట్ మోడ్‌లో పెడితే పది నిమిషాలు ఆగుతుంది. దేనికి?"

"వినడానికి."

ఆమె నవ్వుతుందేమోనని మేస్త్రి కాసేపు నేల చూశాడు. ఆమె నవ్వలేదు. "ఈ బండిని నేను రెండుసార్లు చూశాను బాబాయ్. బ్యాటరీ సెల్లులు తొంభై ఏడు శాతం బాగున్నాయి. మోటారు బాగుంది. తప్పు అని ఒక్క ఎర్ర గీత కూడా రాలేదు."

"అది తనకి తెలిసిందే చెప్తుంది కదమ్మా. చక్రాల సంగతి దానికేం తెలుసు?"

"ఎంత వేగంగా తిరుగుతున్నాయో తెలుసు."

"ఎంత కష్టపడి తిరుగుతున్నాయో?"

"లేదు. దానికి సెన్సార్ లేదు" అని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచింది.

ఈ కదలిక చూసి ఇన్‌చార్జి మళ్లీ బయటికి వచ్చాడు. "ఏం మేస్త్రీ, ఇవాళ కూడా బంపరు విప్పుతావా?" అన్నాడు. టైర్ల దగ్గర ఉన్నవాళ్లు చెవులు రిక్కించి నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డారు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెనకడుగు వెయ్యలేదు. వేస్తే వెనకాల భార్య ఉంది.

అమ్మాయి వైరు గుచ్చి ఏదో నొక్కింది. ఆవిడ బండిని మనిషి నడకన కదిలించింది. స్పీకరు పలకలేదు. అంత పెద్ద ఇనప బండి, చాప మీద పిల్లిలా కదిలింది.

మేస్త్రి దాని పక్కనే నడుం వంచి నడిచాడు. ఇన్నేళ్లూ ఇంజను గోలలో, పిస్టన్ల దడదడలో, బెల్టుల కీచుల్లో వేలు పెట్టి ఒక్క చప్పుడుని ఏరుకున్నవాడు. ఇక్కడ ఏరుకోడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక్కటే చప్పుడు. వెనక ఎడమ చక్రం, తిరిగిన ప్రతిసారీ, సుయ్. ఈ బండ్లు తన చెవిని పనికిరాకుండా చేశాయని ఇన్నాళ్లుగా ఏడుస్తున్నాడు. దొంగ స్పీకరు కట్టేస్తే, చెవి ఉన్నవాడికి ఇంతకంటే మంచి బండి ఉండదని ఇప్పుడు తెలిసింది.

"ఆపవే" అన్నాడు. చక్రం మూత దగ్గర చెయ్యి పెట్టి, కాలినట్టు గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. గొట్టంలోంచి గుక్కెడు నీళ్లు పట్టి మూత సందులోకి పోశాడు. చుర్రుమని ఆవిరి లేచింది.

నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు నోళ్లు సర్దుకున్నారు.

జాకీ పెట్టి లేపారు. కుడి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే తిరిగింది. ఎడమదాన్ని ఇద్దరు పట్టుకున్నా మొరాయించింది. మూత ఊడదీసి, చక్రం విప్పి చూస్తే, బ్రేకు డిస్కు అంచులు ఇటుక రంగులో తుప్పుపట్టి ఉన్నాయి. దాన్ని నొక్కి ఆపే బ్రేకు ప్యాడు తన అరలో తుప్పుతో బిగుసుకుపోయి, డిస్కుని కౌగిలించుకుని కూర్చుంది. ఆవిడ తోలుతున్నంతసేపూ బండి బ్రేకు వేసుకునే పరిగెడుతోంది. మోటారు అదనంగా లాగుతోంది. ఆ అదనమంతా యాపు ఆవిడ కాలి మీద రాస్తోంది.

"బ్రేకు అస్సలు తొక్కకపోతే ఇలాగే పడుతుంది" అంది ల్యాప్‌టాప్ అమ్మాయి. "తొక్కినప్పుడల్లా డిస్కు మీద తుప్పు రుద్దుకుపోవాలి. కానీ ఏడు నెలల్లో ఇంత తుప్పా? రోజూ నీళ్లలో నానబెడితే తప్ప..."

మాట మధ్యలో ఆగిపోయింది. అందరూ మేస్త్రి చేతిలో గొట్టం వైపు చూశారు. మేస్త్రి కూడా చూశాడు.

"రెండు చుట్లు కడిగేవాడివి కదూ" అంది భార్య.

"నీ బండని."

"తొక్కనిది నేను, తడిపింది నువ్వు. బండి ఏం చేస్తుంది పాపం."

మేస్త్రి అల్మారా దగ్గరికి వెళ్లి, గుడ్డ విప్పి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఇన్నేళ్లు చెవికి పెట్టుకున్న దాన్ని ప్యాడు సందులో పెట్టి పెకలించాడు. స్క్రూడ్రైవర్ని ఇనుము పనికి వాడటం అతనికే వింతగా ఉంది. ప్యాడు కీచుమంటూ ఊడి వచ్చింది. గీకి, రుద్ది, కొత్త ప్యాడు వేసి తిప్పితే చక్రం బొంగరంలా తిరిగింది.

అప్పటికి నాలుగింటికి పది నిమిషాలు.

"బాగానే ఉంది" అన్నాడు ఇన్‌చార్జి, "కానీ సిస్టమ్‌లో యాభై రెండే ఉంది. నాలుగింటికి మూసేస్తుంది."

"లోపం రిపోర్టు ముందే వెళ్తే ఈ మూడు వారాల మార్కులూ కొట్టేస్తారు" అంది అమ్మాయి. బండి ముందు మూత మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని టకటకా కొట్టింది. కొడుతూ కొడుతూ ఆగిపోయింది. "లోపం ఎలా కనుక్కున్నారని అడుగుతోంది. రెండే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్, లేదంటే సెన్సార్. ఏదో ఒకటి నొక్కకపోతే పంపనివ్వదు."

"చెవి అని రాయి" అంది ఆవిడ.

"చెవి లేదు పిన్నీ."

"ఇంత పెద్ద కంపెనీకి ఒక్క చెవి లేదా?"

అమ్మాయి సెన్సార్ నొక్కింది. వెంటనే ఇంకో గడి తెరుచుకుంది. సెన్సార్ నంబరు ఎంత?

ఇంక అయిదు నిమిషాలే ఉంది. ఎవరికీ ఏమీ తోచలేదు. ఆవిడ బండి కార్డుని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇన్‌చార్జి ఖాళీ టీ గ్లాసులోకి చూశాడు, మేస్త్రిని చూశాడు, ఊడదీసిన ప్యాడుని చూశాడు. ఆ మనిషి నోట అలాంటి మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"మేస్త్రి ఉద్యోగం నంబరు కొట్టు."

"అది అబద్ధం కదా సార్" అంది అమ్మాయి.

"ఏం అబద్ధం? బండికి లేని సెన్సారు షెడ్డులో ఉంది. నంబరు ఉంది. పనిచేస్తోంది కూడా. కొట్టు."

కొట్టింది. తెర ఒక్క క్షణం ఆలోచించి, పచ్చగా వెలిగింది. సెన్సార్ అంగీకరించబడింది. మూడు వారాల మార్కులు రద్దయ్యాయి. ఆవిడ కార్డుని మళ్లీ జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టుకుంది. అంతే. ఎవరికీ దండాలు పెట్టలేదు.

యాపులో బ్రేకు కోత సంగతి కంపెనీకి రాస్తానని అమ్మాయి అంది. ఆ కొత్త బుద్ధి ఏ ఆదివారం వస్తుందో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా బండ్లన్నీ పొద్దున బయల్దేరేముందు వాకిట్లోనే నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కి తుప్పు వదిలించుకోవాలని ఇన్‌చార్జి గోడ మీద చేత్తో రాసి అంటించాడు. తెర మీద కాకుండా గోడ మీద అతను రాసిన మొదటి ముక్క అదే.

సోమవారం పొద్దున మేస్త్రి షెడ్డులోకి అడుగుపెట్టేసరికే, "ఏం సెన్సారూ, ఛార్జింగు అయ్యిందా?" అని ఎవరో పలకరించారు. మూడో పేరు కూడా వచ్చిందన్నమాట. అతను గొట్టం సర్దుకుంటుంటే భార్య బండి వేగంగా వాకిట్లోకి దూసుకొచ్చి, అతనికి జానెడు దూరంలో టక్కున ఆగింది. మేస్త్రి గుండె జారి గొట్టంలో పడింది. ఆవిడ కిటికీలోంచి తల పెట్టింది.

"బ్రేకు తొక్కమన్నారుగా. పట్టిందా?"

"పట్టింది" అన్నాడు మేస్త్రి, చక్రం దగ్గర చెవి పెట్టి. "చప్పుడేం లేదు." ఆవిడ కిందికి దిగింది. అతను తల ఎత్తకుండానే అన్నాడు, "నీ మోకాలే ఇంకా టిక్కుమంటోంది."

ఆవిడ అతని చేతిలోంచి గొట్టం లాక్కుంది.

"ఇవాళ చక్రాలు కడక్కు" అంది, కొళాయి తిప్పుతూ. "ముందు నీ నోరు కడుగుతా, ఇలా రా."